ఊదా కొంగ కనిపించు చోటు

"ఊదా కొంగలు: పద్నాలుగు. కనిపించిన చోటు: మడుగు ఉత్తరపు గట్టు, రెల్లు పొదల పక్కన. వేళ: ఉదయం ఆరున్నర. ప్రవర్తన: మోకాలి లోతు నీళ్లలో, పాములాంటి మెడ వంచి, చేపల కోసం కదలకుండా నిలబడి ఉన్నాయి."

గుమాస్తా నెల నివేదిక ముగించి కలానికి మూత పెట్టాడు. చిత్తడి నేలల రక్షణ కార్యాలయం పదకొండేళ్లుగా బతుకుతున్నదే ఆ కొంగల మీద. పైనుంచి మెచ్చుకోలు ఉత్తరాలు కూడా వచ్చాయి. వాటికి పటాలు కట్టించి గోడకు తగిలిస్తే, చెమ్మకు బూజు పట్టాయి.

కొత్త ఆఫీసరు వచ్చి పది రోజులైంది. కుర్రాడు మంచివాడే గానీ ఒక చెడ్డ అలవాటుంది. ఫైళ్లు చదువుతాడు.

"గుమాస్తాగారూ, ఈ కొంగల్ని నేను చూడాలి," అన్నాడు.

గుమాస్తా వచ్చే నెల రిటైరవుతున్నాడు. పెన్షన్ కాగితాలు ఆ ఆఫీసరు సంతకం కోసం బల్ల మీదే ఉన్నాయి.

"ఇప్పుడు గుడ్లు పొదుగుతున్నాయి సార్. అలికిడైతే బెదురుతాయి."

"చేపలు పడుతున్నాయని రాశారుగా?"

"ఒకటి పొదుగుతుంటే ఇంకోటి పడుతుంది సార్. సంసారం కదా."

"సరే, దూరం నుంచే చూస్తాను. బైనాక్యులర్స్ తెచ్చుకున్నా."

"బురద సార్. నడుం దాకా దిగబడిపోతాం."

"పెద్ద బూట్లు కూడా తెచ్చుకున్నా."

"పాములు కూడా..." అన్నాడు గుమాస్తా.

ఇంతకుముందు ముగ్గురు ఆఫీసర్లు పనిచేశారు. పాముల మాట వినగానే ముగ్గురూ కూర్చున్న చోటునుంచి లేవకుండా నివేదిక మీద సంతకం గీకేశారు. ఈయన మాత్రం బూట్ల తాళ్లు బిగిస్తున్నాడు.

"చూడండి, వచ్చేవారం పై అధికారులు వస్తున్నారు. కొంగల్ని చూపించమంటే నేనేం చెప్పను? మీరు ఒక్క కొంగని చూపించండి, మీ కాగితాల మీద ఇప్పుడే సంతకం పెడతాను. లేకపోతే విచారణ వెయ్యక తప్పదు. డ్రైవరుని జీపు తియ్యమనండి."

గుమాస్తాకి ముప్పై రెండేళ్ల ఉద్యోగం కళ్లముందు గిర్రున తిరిగింది. ఈ వయసులో విచారణంటే ఇంట్లో ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"జీపెందుకు సార్," అన్నాడు గొంతు తగ్గించి, "ఉత్తరపు గట్టు మీ కుర్చీ కిందే ఉంది, ఆ మడుగుని పూడ్చేగా మన ఆఫీసు కట్టింది."