మెట్టతామర

గండయ్య చామంతి మొక్కను వేళ్లతో సహా పీకి గోడ అవతల పారేశాడు.

"అయ్యో, మొగ్గలున్నయి గద!" సుభద్రమ్మ బిందె కింద పెట్టి ఉరికొచ్చింది. "మూన్నెల్ల సంది నీళ్లు మోసి పెంచిన. నా నెత్తిల ఒక్క పువ్వన్న పెట్టుకోనియ్యవా?"

"గుండ్రటి పువ్వు నాకెందుకే? కట్టి నేస్తే బండి గీర లెక్క వస్తాంది."

"మరి బంతి?"

"లడ్డు లెక్క వచ్చింది."

"గులాబి గూడ పీకేస్తివి."

"గోబిగడ్డ లెక్క వస్తే పీకక ఏం జేస్త?"

గండయ్య చిటికి నేతగాడు. నూలును చట్రం మీద సాగదీసి, బొమ్మ గీసుకుని, గీత వెంట ముడులు కట్టి రంగులో ముంచుతాడు. ముడి పడ్డచోట రంగు ఎక్కదు. ఆ నూలును మగ్గం మీద నేస్తే చీర అంచున బొమ్మ తేలుతుంది. రంగుకు కాస్త పాకే గుణం ఉండటం వల్ల, ఎంత సన్నగా కట్టినా బొమ్మ అంచులు చెదురుతూనే ఉంటాయి.

భువనగిరి సావుకారి మల్లప్ప దసరాకే తెగేసి చెప్పాడు: "ఊరందరు గిదే గుండ్రటి పువ్వు నేసుకొస్తాన్రు. ఉగాది లోపల కొత్త పువ్వు తెస్తే నూలిస్త. లేకుంటె నీ మగ్గం నువ్వే సూసుకో." తెల్లోళ్ల యుద్ధం మొదలైన కాడి నుంచి నూలు అతని దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకడం లేదు. నూలు లేకపోతే మగ్గం గుంటలో పిల్లులు పడుకోవాల్సిందే.

చూడకుండా గీయడం గండయ్యకు చేతకాదు. పువ్వును కోసి, చెంబులో నీళ్లు పోసి నిలబెట్టి, ఒక్కో రెక్క వంపు చూసుకుంటూ గీయాలి. అందుకే పెరట్లో ఉన్న ఆరు మూరల జాగాలో ఏ పువ్వు వేయాలనేది ఆ ఇంట్లో రోజూ పంచాయితీయే.

మర్నాడు అతను భువనగిరి స్టేషన్ నుంచి మట్టి కారుతున్న ఒక దుంప మోసుకొచ్చాడు. అక్కడి తోటమాలి మారయ్యను బతిమాలితే తవ్వి ఇచ్చాడట.

"గిదేం గడ్డ? కూరొండాల్నా?"

"మెట్టతామర. ఎర్రగ పూస్తది. ఒక రెక్క గిట్ల పైకి లేస్తే, ఇంకోటి గట్ల కిందికి వంగుతది. గిసొంటి పువ్వు ఎవ్వని చీర మీద లేదు."

"నీళ్లెన్ని తాగుతది?"

గండయ్య ఆ మాట విననట్టే గుంత తవ్వసాగాడు.

అది రోజుకు రెండు బిందెలు తాగింది. మాఘం దాటేసరికి బావిలో చేద రాళ్లకు తగిలి ఖంగుమంటోంది. బియ్యం కడిగిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు, చివరికి ముఖం కడుక్కున్న నీళ్లు కూడా సుభద్రమ్మ దాని మొదట్లోనే పోసింది. ఫాల్గుణంలో మొదటి పువ్వు విచ్చుకుంది.

గండయ్య దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు కోసి తెచ్చి చెంబులో పెట్టాడు. బొగ్గుముక్క తీసుకున్నాడు. నాలుగు గీతలు పడ్డాయో లేదో, రెక్కలు వాలడం మొదలైంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి పువ్వు తడిగుడ్డలా ముడుచుకుపోయింది.

రెండోది కోశాడు. అదీ అంతే. మూడో పువ్వు వాలగానే చెంబును గోడకేసి కొట్టాడు.

"చామంతి కోస్తె వారం దినాలు నిలబడుతుండె," అంది సుభద్రమ్మ, సొట్టపోయిన చెంబును చేతుల్లోకి తీసుకుని. "నిలబడేటిది నీకు నచ్చదు. నీకు నచ్చింది నిలబడదు. నేనేడికెల్లి తేవాలె?"

"ఇగ కొయ్య. చెట్టు మీదున్నప్పుడే కడత."

ఇంట్లో మిగిలిన కాస్త నూలును చట్రానికెక్కించి పెరట్లోకి మోసుకుపోయి, నెత్తిన తువ్వాల కప్పుకుని ఎండలో కూర్చున్నాడు. గాలి వీస్తే పువ్వు ఊగేది. "జర కదలకుంట పట్టుకోవే!" అని అరిచేవాడు. సుభద్రమ్మ వచ్చి కాడ పట్టుకుని నిలబడేది. చేతులు గుంజేవి. వీపు కాలేది.

"కడుపున పుట్టిన పిల్లల్ని గూడ గింతసేపు పట్టుకోలె," అనేది.

"మాట్లాడకు. నువ్వు మాట్లాడితె పువ్వు ఊగుతాంది."

అలా పది రోజులు. ఒక పువ్వు రాలితే పక్క పువ్వును చూస్తూ కట్టాడు. తర్వాత రంగు, ఆరబెట్టడం, నేత. ఉగాది ఇంకా రెండు రోజులుందనగా చీర మగ్గం దిగింది.

సుభద్రమ్మ అంచును వేలితో మెల్లగా నిమిరింది. ఇన్ని నెలల కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. "అచ్చం నేను పట్టుకున్న పువ్వే," అంది. "పా, నేను గూడ వస్త. సావుకారి ఏమంటడో నా చెవులతోని వినాలె."

ఇద్దరూ పొద్దున్నే నడిచి భువనగిరి చేరారు. మల్లప్ప చీర మడత విప్పి గద్దె మీద పరిచాడు. ఎత్తి వెలుతురులో పట్టాడు. దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. గడప దగ్గర నిలబడ్డ సుభద్రమ్మ కొంగు కొస నోట్లో కుక్కుకుంది.

"ఇన్నేండ్లల్ల గిసొంటి పనితనం నా దుకాణానికి రాలే," అన్నాడు మల్లప్ప చివరికి. "ఎంత నూలు కావాల్నో తీస్కపో. గిదే బొమ్మతోని ఇరవై చీరెలు నెయ్యి."

గండయ్య ఐదు నెలల తర్వాత మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకుని, వంగి దండం పెట్టాడు.

"ఒక్కటే తక్కువైంది," అన్నాడు మల్లప్ప అంచు మీది మెట్టతామర మీద వేలు పెట్టి. "వచ్చే చీరెల, గీ చిలుక ముక్కుకు ఒక పువ్వు గూడ పెట్టు గండయ్యా."