బంగార్రాజు తొక్కిన బ్రేకు

బాబాయిని చంపాలని బంగార్రాజు తీర్మానించుకున్నది మంగళవారం ఉదయం, పెసరట్టు తింటూ. ఎంత పెద్ద పనికైనా అంతకు మించి శ్రమపడే అలవాటు ఆయనగారికి లేదు.

బాబాయి అబ్బాయిరాజుగారికి పిల్లల్లేరు. కొల్లేటి పక్కన నూరెకరాల మాగాణి, ఏలూరులో మేడ, ఎనిమిదిమంది పట్టే పాత అమెరికా కారు మాత్రం ఉన్నాయి. అవన్నీ ఎప్పటికైనా తనవేనని బంగార్రాజు ఏ పనీ చెయ్యకుండా కాచుక్కూచున్నాడు. ఇప్పుడు ముసలాయన భార్య తమ్ముడి కొడుకును దత్తత చేసుకుంటాడట! గురువారం కారులో తాడేపల్లిగూడెం వెళ్లి పత్రం రిజిస్టరు చేయిస్తాడట! బంగార్రాజుకి కడుపు మండిపోయింది.

వానాకాలమంతా షెడ్డులో నిలబడ్డ కారు. నడిపేది ముసలాయనే. దారి పొడుగునా కాలువ గట్టు. బ్రేకు పడకపోతే చాలు, ఆస్తి బంగార్రాజుదే.

ఆ కారువి ఆయిలు బ్రేకులు. 1938లో ఏలూరు మొత్తానికి వాటి సంగతి తెలిసినవాడు మెకానిక్ అబ్దుల్ మజీద్ ఒక్కడే. బంగార్రాజుకీ తెలుసనుకోండి. బ్రేకు గొట్టంలో గాలి చేరితే బ్రేకు పడదని కాఫీ హోటల్లో ఎవరో అంటుంటే విన్నాడు. ఇంజనీరు కావడానికి ఇంకేం కావాలి?

బుధవారం బాబాయి పడవెక్కి పొలానికి వెళ్లగానే మజీద్‌ని పిలిపించాడు.

"ఏమోయ్ మజీదూ, ఈ బ్రేకుల్లోకి గాలి ఎక్కించాలి. రేపు పని జరిగిందంటే మా బాబాయిదైన నీ షెడ్డు స్థలం నీ పేర రాసేస్తా."

మజీద్ చేతిలో సంచీ కింద పెట్టాడు. కారెక్కి బ్రేకు ఒకసారి తొక్కి, దిగాడు.

"గాలి సంగతి నేను చూసుకుంటానండీ. కానీ ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదండీ. నేను చక్రం దగ్గర మర విప్పుతుంటే ఇంకొకరు పైన కూచుని తొక్కాలండీ."

"నేనే తొక్కుతా. నిన్ను నమ్మి వదిలేస్తాననుకున్నావా?"

అబ్బో, ఏం జాగ్రత్త!

మజీద్ కొత్త ఆయిలు పోశాడు. రబ్బరు గొట్టం ఒక కొస మరకి తగిలించి, రెండో కొస ఆయిలున్న గాజు సీసాలో ముంచాడు. "తొక్కండి... అలాగే పట్టుకోండి... ఆ, వదలండి." నాలుగు చక్రాలకీ ఇదే తంతు. పుట్టి బుద్ధెరిగాక బంగార్రాజుకి చెమట పట్టడం అదే మొదలు. తలుపు తెరిచి మెడ సాచి చూస్తే, సీసాలో బుడబుడమని బుడగలు.

"గాలేనా?"

"సాక్షాత్తూ గాలేనండీ."

"కానీ, ఇంకా కానీ!"

చాలాసేపటికి బుడగలు ఆగాయి. నిండిపోయిందని తేల్చేశాడు బంగార్రాజు. పెడలు రాయిలా గట్టిపడిపోయింది. తనంతటివాడి కాలికే లొంగడం లేదంటే ఎంత చక్కగా చెడిపోయిందో అని మురిసిపోయాడు.

గురువారమంతా అద్దం ముందు ఏడుపు సాధన చేశాడు. ఫరవాలేదు, బాగానే కుదిరింది. సాయంత్రం వీధిలో హారను మోగింది. కారు దిగి వస్తున్నది బాబాయే! చేతిలో రిజిస్టరైన పత్రం కూడా ఉంది.

"గట్టు మలుపులో గేదెల మంద అడ్డొచ్చిందిరా బంగార్రాజూ! ఇలా తొక్కానో లేదో, బండి అక్కడికక్కడే ఆగిపోయింది. లేకపోతే కాలువలోకే," అన్నాడు ముసలాయన, ఇంకా రొప్పుతూ.

బంగార్రాజు చెప్పులైనా వేసుకోకుండా మజీద్ షెడ్డుకి పరిగెత్తాడు.

"ద్రోహీ! గాలి ఎక్కించమంటే ఏం చేశావురా? నా కొంప ముంచావు కదరా!"

మజీద్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నేను ముంచలేదండీ. ఆ బ్రేకుల నిండా గాలి ముందునించే ఉందండీ. నిన్న మీరు ఇంట్లో కాళ్లు చాపుకుని కూచుంటే సరిపోయేది, పూటంతా కష్టపడి మీరే తొక్కి తొక్కి బయటికి పంపేశారు!"