రోగచోవ్ పేర్చిన రాళ్లు

“ఇంకా కాలుతున్నాయి గ్లఫీరా, చల్లారాక మోద్దాం,” అన్నాడు ప్రోఖోర్, పొయ్యి రాయిని జారవిడుస్తూ.

“నీ రాళ్లు చల్లారేదాకా హెలికాప్టర్ ఆగుతుందా? తొడుగులు వేసుకుని మొయ్యి,” అంది భార్య గ్లఫీరా.

రోగచోవ్ అగ్రం మీది వాతావరణ కేంద్రంలో ఉండేది వీళ్లిద్దరే. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ నేలంతా గడ్డకట్టిన బురద; ఎంత వెతికినా పిడికెడు రాయి దొరకదు. అయినా నూరేళ్ల క్రితం కెప్టెన్ రోగచోవ్ దాని కొసన రాళ్లగుట్ట పేర్చి, అగ్రానికి తన పేరు పెట్టుకుని, మూడో రోజే ఓడెక్కేశాడు. పేరు పెట్టేవాళ్లకేం, ఉండేవాళ్లకు కదా ఆవిరిస్నానం కావాలి! పదకొండేళ్ల క్రితం ప్రోఖోర్ ఆ గుట్టను కూల్చి ఆవిరిగదికి పొయ్యి కట్టుకున్నాడు. రాళ్లకు అప్పటికే మసి పట్టి ఉంటే, నిప్పుకు పగలని రకమని మురిసిపోయాడు కూడా. అడుగున దొరికిన రేకు డబ్బా మూతకు సీసంతో మాటు వేసి ఉంది. దాన్ని గ్లఫీరా తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు ఆ గుట్టను చూడటానికి ఒక చరిత్రకారుడు వస్తున్నాడు. గుట్ట లేదంటే ఉద్యోగం ఊడుతుంది. ఉండాలంటే పొయ్యి పోతుంది, పొయ్యితోపాటు వాళ్లకున్న ఒక్క శనివారం సుఖమూ పోతుంది. గంటలో గుట్టను మళ్లీ కట్టేశారు, డబ్బాతో సహా.

ప్రొఫెసర్ వెనియమిన్ గుట్ట ముందు టోపీ తీసేశాడు. రాయిని ముట్టుకుని వెచ్చగా ఉందన్నాడు. ఎండకు అని గ్లఫీరా చెప్పింది. మూడు వారాలుగా మబ్బే. మసిని చూసి, కెప్టెన్ ఇక్కడ సంకేతాల మంట వేశాడని రాసుకున్నాడు. బురదనేల మీదికి ఈ రాళ్లు ఎలా వచ్చాయన్న దాని మీదే ఆయన నాలుగొందల పేజీల పుస్తకం రాశాడట. దేశభక్తుడైన కెప్టెన్ వాటిని పుట్టినూరి నుంచి ఓడలో తెచ్చుకున్నాడని తేల్చాడట.

“ఇకమీదట దీన్ని ఎవరూ వేలితో కూడా తాకకూడదు. ఇది జాతి సంపద,” అంటూ ఫలకం పాతాడు.

ప్రోఖోర్‌కు ఏడుపొచ్చింది. “పింఛను వచ్చేదాకా ఇంకో ఆరేళ్లు బకెట్టు నీళ్ల స్నానమేనా?” అని గొణిగాడు.

“నోర్మూసుకో ముసలాడా. ఉద్యోగమైనా మిగిలింది.”

ప్రొఫెసర్ గుట్ట అడుగు నుంచి డబ్బా లాగి మూత కోశాడు. లోపల కెప్టెన్ స్వయంగా రాసిన చీటీ ఉంది. తేదీ దగ్గర గొంతెత్తి మొదలుపెట్టినవాడు రెండో వాక్యానికే ఆగిపోయాడు. గ్లఫీరా ఆయన భుజం మీంచి తొంగిచూసి, ఆ వాక్యాన్ని మొగుడికి వినబడేలా చదివింది.

“ఇక్కడ వేటగాళ్ల ఆవిరిగది ఉంటే, దాని పొయ్యి కూల్చి ఈ గుట్ట కట్టాం.”