మోగుడెక్కువ మెషీను

"ఇంకా లోతుగా పాతమ్మా. సరిగ్గా మోచేతి లోతు," అన్నాడు అన్న, జేబులోంచి టేపు తీసి కొలుస్తూ.

దుకాణం వెనక ఇసుక తొట్టి ముందు మునికాళ్ళ మీద కూర్చుని అప్పటికి గంటన్నరైంది. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. ఏదైనా తూచి తూచి గానీ కొనడు, కొన్నాక మళ్ళీ ఓసారి తూస్తాడు. భూమిలో లోహాన్ని పసిగట్టే మెషీన్లు మూడు గోడకి ఆనించి ఉన్నాయి. ఒకటి ఖరీదైనది, ఒకటి మధ్యరకం, మూడోది నిన్న గాక మొన్న బజార్లోకి దిగిన చవకరకం.

దుకాణం యజమానురాలు ఓపిగ్గా ఇత్తడి కుళాయి ముక్కని తీసి, మరింత కిందికి పాతింది.

"అన్నయ్యా, మనం కొనడానికొచ్చామా, తనిఖీ చేసి సీలెయ్యడానికొచ్చామా?" అన్నాడు తమ్ముడు. మైకుసెట్లు అద్దెకిస్తాడు. ఆ గొంతుకి మైకు అనవసరం.

"కాస్త నోరు మూస్తావా? నీ అరుపులకి మెషీను మోగేలా ఉంది."

"నాది కంచు కంఠం. మోగకపోతేనే మెషీను పాడైనట్టు!"

యజమానురాలు ఫక్కున నవ్వింది. "ఇంతకీ ఏం పోయింది సార్?"

"మా నాన్న ఈల," అన్నాడు తమ్ముడు. "రైలు గార్డుగా చేసేవాడు. ఇత్తడి ఈల."

అసలు సంగతి ఇది. నాన్న పోయాక ఈల నాకంటే నాకని ఇద్దరూ పోట్లాడుకుంటుండగా, నెలకే అది మాయమైంది. నువ్వు నొక్కేశావంటే నువ్వు నొక్కేశావని అన్నదమ్ములిద్దరూ ఈల కోసం గోల పెట్టుకుని, పదకొండేళ్ళు మాటలు మానేశారు. ఎదురుపడితే ఒకడు ఫ్యాను వైపు చూసేవాడు, ఇంకొకడు ఫ్యాను స్విచ్చు వైపు. నిరుడు అమ్మ పోయాక ఆవిడ కళ్ళజోడు డబ్బాలో చీటీ కనిపించింది. 'మీ గోల పడలేక ఈలని నేనే పెరట్లో పాతాను. మోచేతి లోతు. ఇద్దరూ కలిసి తవ్వుకోండి.'

అప్పట్నుంచి ప్రతి ఆదివారం తమ్ముడు అన్న ఇంటికి వస్తున్నాడు. చెరో పలుగూ పట్టుకుని ఇద్దరూ సగం పెరడు తిరగేశారు.

"ఇంతవరకూ ఏం దొరికాయంటే," తమ్ముడు వేళ్ళు మడిచాడు, "తాళంకప్పలు రెండు, చెంచాలు పదిహేడు, నాకు నడుంనొప్పి ఒకటి. అందుకే మెషీను కొందామని నేనే పట్టుబట్టాను."

ఖరీదైన మెషీను కుళాయి మీదికి రాగానే టింగుమంది. తెర మీద అంకె వెలిగింది.

"ఇనుముకో అంకె, ఇత్తడికో అంకె చూపిస్తుంది సార్. తవ్వకుండానే అదేమిటో చెప్పేస్తుంది."

"అంటే పెరడంతా ఒక్క పూటలో అయిపోతుందా?"

"పూటెందుకండీ, గంట చాలు."

అన్న తల పంకించి, 'బరువెక్కువ' అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

మధ్యరకానికి అంకెల్లేవు, మోతలున్నాయి. తమ్ముడు చెవి రిక్కించాడు. "ఇనుముకి బొంగురు, ఇత్తడికి సన్నం. నా చెవికి ఇది చాలన్నయ్యా! రెండో ఆదివారానికల్లా ఈల మన చేతిలో, మూడో ఆదివారం నేను మంచంలో!"

'పిడి వదులు' అని రాసుకున్నాడు అన్న.

ఇక కొత్త చవకది. మేకుకి మోగింది. సీసా మూతకి మోగింది. అన్న జేబులో టేపుకీ మోగింది. కుళాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం మౌనవ్రతం పట్టింది.

"ఇదేం మెషీనమ్మా!" తమ్ముడు తల పట్టుకున్నాడు. "ఇనుమంటే మోహం, ఇత్తడంటే విరాగం! మోగుడెక్కువ, పట్టుడు తక్కువ!"

"జానెడు దాటితే దీనికి అందదండీ," ఆవిడ ఉన్నమాట చెప్పేసింది. "సరదాకి కొనుక్కుంటారు."

అన్న మాత్రం ఆసక్తిగా ముందుకి వంగాడు. "అయితే మోగిన చోటల్లా తవ్వి చూడాల్సిందేనా?"

"అంతే సార్. పదిసార్లు తవ్వితే తొమ్మిదిసార్లు చెత్తే."

"ఎన్నాళ్ళు పనిచేస్తుంది?"

"బ్యాటరీలు మారుస్తూ ఉంటే ఏళ్ళ తరబడి."

"ఏళ్ళ తరబడా!" అన్న ఆ మాటని రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

తమ్ముడు అతన్ని పక్కకి లాగాడు. "నీకేమైనా మతిపోయిందా? ధర చూసి వెనకాడుతుంటే సగం నేనిస్తాను."

"ధర కాదురా. తేలిగ్గా ఉంది. నా భుజం సంగతి నీకు తెలీదా?"

"నీ భుజం కోసం నా నడుం విరగ్గొడతావా?" అని, తమ్ముడు ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. అతని గొంతు తగ్గడం అన్న ఎప్పుడూ వినలేదు. "నాన్న ఈలని ఒక్కసారి చేత్తో పట్టుకోవాలనుందన్నయ్యా."

అన్న ఖరీదైన మెషీను వైపు చూశాడు. చెయ్యి కూడా సగం చాపాడు.

"దొరికిందంటే ఆదివారాలు కూడా దుకాణం తెరుచుకుంటాను," అన్నాడు తమ్ముడు. "వారం వారం నా మొహం చూసే బాధ నీకూ తప్పుతుంది."

అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ మూడోదే కట్టెయ్యమ్మా."

తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. వీధంతా వినబడేలా సణుగుతూనే పెట్టెని భుజానికెత్తుకుని, నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగాడు.

"సరే, ఆదివారం ఎన్నింటికి రమ్మంటావ్?"

"పొద్దున్నే వచ్చెయ్. టిఫిను మా ఇంట్లోనే."

ఈల అన్నకి దొరికి అప్పటికి ఏడు నెలలైంది.