ఒక సైజు తక్కువ బూట్లు

మూడు రోజుల కొండ నడక అన్నాడు మొగుడు. చంటిదాన్ని ఊళ్లో అమ్మకు అప్పగించి, పళ్లు నూరుకుంటూ బయల్దేరింది ఆమె. రెండో రోజుకే ఎడమ మడమ మీద బొబ్బ చితికి, మేజోడు పుండుకు అతుక్కుపోయింది.

"కొట్లో అవే మిగిలాయని ఒక సైజు తక్కువవి తెస్తావా? నడిస్తే సాగుతాయన్నావ్! నెల్లాళ్లు ఇంట్లో తొడుక్కుని తిరిగాను, సాగాయా? నా తోలు ఊడింది!"

"అబ్బ, ఆపవే తల్లీ. నీళ్లు పట్టుకొస్తా," అంటూ అతను వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు.

దారిలో ఉన్న ఆ బసలో బూట్లు ముందు మెట్టు మీదే విడవాలి. ఆమె దీపం దగ్గర కూర్చుని మడమకు గుడ్డ చుట్టుకుంటూ ఉండగా ముందు వాకిట్లో చప్పుడయింది. కుడికాలు టక్కుమంది. ఎడమకాలు ఈడ్చింది. అచ్చం ఆమె కుంటినట్టే.

ఒళ్లు మండిపోయింది. "నా బూట్లు తొడుక్కుని నన్నే వెక్కిరిస్తున్నావా? సిగ్గుందా నీకు?"

"ఎవర్నే తిడుతున్నావ్?"

మొగుడు నీళ్ల సీసాతో వెనక గుమ్మంలో ఉన్నాడు. ముందు వాకిట్లో చప్పుడు ఆగలేదు.

ఆమె కుంటుతూ వెళ్లి తలుపు తీసింది. మెట్టు ఖాళీ. చప్పుడు కొండ దిగుతోంది, ఊరి వైపు. అడుగు అడుగుకీ కుంటు తగ్గుతోంది.

"పోతే పోనీవే, బూట్లేగా," అన్నాడు అతను తలుపు మూయబోతూ.

ఆమె పుండు కాలితోనే చీకట్లోకి ఉరికింది. నెల్లాళ్లుగా ఇంట్లో ఆ బూట్ల చప్పుడు వింటే చాలు, అమ్మొచ్చిందని చంటిది గుమ్మం దగ్గరికి పాకుతోంది.