వంక దాటిన కారు

పారే వంక నడిమధ్యలో కారు ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది.

కుళ్లాయప్ప తాళం తిప్పాడు. ఇంజిను గిరగిరా తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. మళ్లీ తిప్పాడు. అదే వరస. వెనక సీటులో అతని భార్య జ్యోతిలక్ష్మి కాలు చాపుకుని పడుకుని ఉంది. పొద్దున చేలో గెనెం గట్టు మీద ఆమెను పాము కరిచింది. అంబులెన్సు వచ్చేదాకా ఆగే ధైర్యం లేక, ఈ డొక్కు కారులోనే కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుని బయల్దేరాడు.

“ఏమైంది?” అంది ఆమె. మాట ముద్దముద్దగా వస్తోంది.

“ఏం లేదులే. నువ్వు కండ్లు మూయొద్దు. నాతో మాట్లాడతా ఉండు.”

“నేను మూయలేదు. రెప్పలే పైకి లేవకుండా ఉండాయి.”

ఆ మాటతో విషం ఎక్కుతోందని కుళ్లాయప్పకు అర్థమైపోయింది. ఇన్నాళ్లు మొహం చాటేసిన వాన ఈ రోజే పడాలా? పడితే పడింది, ఆకాశానికి చిల్లు పడ్డట్టు పడాలా? నేల పదునైంది కదా అని ఆలుమగలిద్దరూ సంబరంగా చేలోకి పోయారు. బొరియల్లోకి నీళ్లు దూరితే పాములు మాత్రం ఎక్కడికి పోతాయి, బయటికే వచ్చాయి. కురవమని మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు అదే నోటితో వానను తిట్టుకున్నాడు.

వాన వెలిసింది గానీ వంకలో నీళ్లు మోకాలి లోతు పారుతున్నాయి. ఇంకా పెరుగుతాయేమోనన్న భయంతో భార్యను చేతుల మీద ఎత్తుకుని అవతలి గట్టెక్కాడు. అక్కడ ఉన్నది ఒకటే ఇల్లు. వాకిట్లో నిలబడ్డ ముసలామె వీళ్ల వాలకం చూసి గబగబా వసారాలో మంచం వాల్చింది. ఆమె పేరు తిమ్మమ్మ.

“పామా?”

“అవునవ్వా. కారు వంకలో నిలబడిపాయె.”

“పండుకోబెట్టు నాయనా. బిడ్డను నేను చూసుకుంటా. నువ్వు పోయి కారు సంగతి చూడు.”

గొర్రెలు తోలుకుంటూ వచ్చిన ఇద్దరు కాపరులు తలో చెయ్యి వేసి కారును ఇంటి ముందుదాకా తోసిపెట్టి, తమ మంద వెంట వెళ్లిపోయారు. కుళ్లాయప్ప బానెట్ ఎత్తి, ఏం చేయాలో పాలుపోక, మెకానిక్ ఓబిలేష్‌కు ఫోన్ కొట్టాడు.

“తాళం తిప్పితే తిరుగుతాండాదా అన్నా?”

“తిరుగుతాండాది. అంటుకునేదే లేదు.”

“అయితే తడికి కరెంటు అందక నిలబడిండాది. నల్ల మూత ఒకటి ఉంటాది, నాలుగైదు వైర్లు పోయింటాయి దాంట్లోకి. అది ఊడదీసి లోపలంతా తుడువు. వైర్లూ తుడువు. దాంట్లో చెమ్మ ఉండేదాకా నీ బండి కదలదు. పొయ్యి సెగకు దూరంగా పట్టుకో, దగ్గర పెడితే కరిగిపోతాది.”

“ఇంకేదన్నా బండి పంపీప్పా, నీకు పున్నెముంటాది. మనిషి పోతాండాది ఈడ.”

“యాడిదన్నా బండి? ఈ పక్కన వంకలన్నీ పారతాండాయి. నువ్వే ఎట్లన్నా చేసి రావాల.”

ఒంటి మీది చొక్కా పిండితే నీళ్లు కారుతున్నాయి. తిమ్మమ్మ దండెం మీది పొడి చీర లాక్కుని, మూతా వైర్లూ ఊడదీసుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, తుడుస్తూ, సెగకు తిప్పుతూ, మళ్లీ తుడుస్తూ ఉన్నాడు.  వసారాలోంచి ముసలామె మాటలు వినిపిస్తున్నాయి.

“నిద్రపోవాకమ్మా. నీ పుట్టిల్లు యాడ?”

“కంబదూరు పక్కన...”

“అమ్మ ఉండాదా?”

“ఊఁ.”

“ఆయమ్మ పేరేమి?”

జవాబు రాలేదు. ముసలామె మళ్లీ అడిగింది. మళ్లీ రాలేదు.  లేచిపోయి భార్య మొహం చూడాలని ఉంది కుళ్లాయప్పకు. చూస్తూ కూర్చుంటే ఈ తడి ఎవరు ఆరుస్తారు? పళ్లు బిగబట్టి మూత లోపల ఇంకోసారి తుడిచాడు.

బయటికి పోయి అన్నీ ఎక్కడివక్కడ బిగించాడు. కారులో కూర్చుని, కులదేవతను తలుచుకుని తాళం తిప్పాడు. ఇంజిను దగ్గింది. పట్టుకుంది. గురగురమంటూ నిలకడగా నడవసాగింది. కుళ్లాయప్ప స్టీరింగు మీద తల ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మళ్లీ ఆపితే అంటుకుంటుందో లేదో! ఆపలేదు. వేడికి ఇంజిను మీది తడి ఆవిరై తెల్లగా పైకి లేస్తోంది. మిగిలిన చెమ్మ కూడా పోనీలే అని బానెట్ అట్లాగే ఎత్తిపెట్టి వసారాలోకి ఉరికాడు.

“అవ్వా, కారు పలికింది. వెనక తలుపు తీసి పెట్టు, ఎత్తుకొస్తా.”

తిమ్మమ్మ గబగబా వాకిట్లోకి నడిచింది. కుళ్లాయప్ప భార్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. సన్నగా, ఆగి ఆగి, ఊపిరి తగులుతోంది.

“జ్యోతీ, పోతాండామే. ఇంకేం భయం లేదు. కొంచెం ఓర్చుకో.”

ఆమె వేళ్లు అతని చేతిని తడుముకుని పట్టుకున్నాయి. పట్టులో బలం లేదు గానీ పట్టుకుంది. అదే చాలనిపించింది. మంచం కోడుకు చిక్కుకున్న చీర కొంగును విడిపించి, ఆమెను భుజాన వేసుకుని గడప దాటాడు.

బయట ఇంజిను చప్పుడు లేదు.

కారు ముందు తిమ్మమ్మ ఖాళీ కడవ పట్టుకుని నిలబడి ఉంది. బానెట్ కింద నల్ల మూత మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

“పొగలు పోతాండె నాయనా, యాడ కాలిపోతాదో అని తాగే నీళ్లు కడవంతా గుమ్మరించినా. ఎండాకాలమంతా ఈ దావన కాగి నిలబడే కార్లకు నేనే గదా నీళ్లు పోసేది. చల్లబడిండాదిలే, ఇంగ పో.”