పక్క కారు

“మీ జిగురు వచ్చాడు సార్,” అన్నాడు గేటు దగ్గరి వాచ్‌మన్, నవ్వు దాచుకోకుండా.

సర్వీస్ అడ్వైజరు తలెత్తలేదు. ఎత్తకపోయినా తెలుసు. కౌంటరుకి ఎదురుగా, అద్దం గోడ పక్కన, ఆ కుర్చీలోనే కూర్చుని ఉంటాడు.

జిగురు అని పేరు పెట్టింది మెకానిక్కులు. అతని కారు ఇక్కడ సర్వీసు చేయించుకుని వెళ్ళి, వారం తిరక్కుండా ఇంజన్ బిగుసుకుపోయి నడిరోడ్డు మీద ఆగింది. అప్పట్నుంచీ రోజూ వస్తున్నాడు. అరవడు. కాఫీ ఇస్తే ముట్టుకోడు. షెడ్డులోకి చూస్తూ కూర్చుంటాడు.

మేనేజరు ముందే హెచ్చరించాడు. “అరిచేవాడితో భయం లేదయ్యా. వీడు కోర్టుకెళ్ళే రకం. ఏదీ ఒప్పుకోకు. చేతికేమిచ్చినా తీసుకోకు.”

జిగురు లేచి వచ్చి కౌంటరు మీద చిన్న బోల్టు పెట్టాడు.

“ఇంజన్ విప్పితే లోపల ఇది దొరికింది.”

“బయట విప్పించారా? ఇంకేముంది, వారంటీ పోయినట్టే.”

“ఇది నా కారుది కాదట.”

“మీది కానిది తెచ్చి మాకెందుకండీ చూపించడం?”

“కాదు కాబట్టే వచ్చాను. మా మెకానిక్ ఏమంటాడంటే...”

“బయటి మెకానిక్ మాట మేం వినకూడదండీ. రూలు.”

అడ్వైజరు పెన్ను కొసతో బోల్టును వెనక్కి నెట్టాడు. సేల్స్ నుంచి ఈ సీటుకి వచ్చినవాడు. బోల్టులన్నీ అతనికి ఒకేలా కనిపిస్తాయి.

“ఆ రోజు నా కారు పక్కన ఎర్ర కారు ఉంది,” అన్నాడు జిగురు. “అదెవరిది?”

అడ్వైజరు పెన్ను జేబులో పెట్టేశాడు.

ఆ ఎర్ర కారు అడ్వైజరు అక్కది. అమ్మ పోయాక తనను పెంచిన అక్క. ఆ రోజు రద్దీలో, పని నమోదు చేసే జాబ్ కార్డు రాయకుండా దాన్ని లోపలికి తోయించి, ఒకే మెకానిక్ చేత రెండు కార్ల పనీ కలిపి చేయించాడు. అక్కకి బ్రేకులు ఊరికే మారిపోయాయి. సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది.

“ఆ రోజు అక్కడ ఎర్ర కారేదీ లేదండీ.”

“వెనక చిన్నపిల్లల సీటు కూడా కట్టి ఉంది.”

“లేదన్నాను కదా!”

“లేకపోతే మంచిదే.” జిగురు బోల్టు తీసి జేబులో వేసుకున్నాడు. “ఉంటే మాత్రం, ఆ కారు ఆపించండి.”

వెళ్ళిపోయాడు. అద్దం గోడలో మాత్రం ఆ కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే ఉంది. తేరిపార చూస్తే, అది తన ప్రతిబింబమే.

వీడికి సాక్షి కావాలి, అనుకున్నాడు అడ్వైజరు. అక్క దొరికిందంటే నా పని సరి. కానీ పిల్లల సీటు సంగతి వీడికెందుకు?

మర్నాడు కుర్చీ ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీయే. ఊపిరి పీల్చుకోవాల్సింది. ఎదురుగా కూర్చున్నప్పుడు కనీసం ఎక్కడున్నాడో తెలిసేది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఎవడో నా వెంట పడుతున్నాడ్రా.”

“ఎవడు?”

“నిన్న సిగ్నల్ దగ్గర, ఇవాళ బడి దగ్గర. నా మొహం చూడడు, వంగి చక్రాలు చూస్తాడు. అద్దం మీద వేలితో కొడతాడు. నీ మేనకోడలు ఉందిగా, వాగుడుకాయ! నేను వచ్చేలోగా గేటు దగ్గర వాడితో కబుర్లు. రేపు కొండ అవతల వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్తున్నామని అంతా అప్పజెప్పేసింది.”

“మాట్లాడకు అక్కా. అద్దం దించకు. ఎదురొచ్చినా ఆగకు.”

“నీకు తెలిసినవాడా?”

“కాదు.”

“సరేగానీ, ముందు చక్రం దగ్గర టకటకమంటోందిరా.”

“కొత్త బ్రేకులు కదా, సర్దుకుంటాయి. నువ్వు రేపు వెళ్ళిపో. నాలుగు రోజులు కనబడకపోతే వాడే మానుకుంటాడు.”

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఫోన్. అక్క గొంతు అక్కది కానట్టుంది.

“పాపకి ఏమీ కాలేదు. నాకూ కాలేదు.”

“ఏమైందక్కా?”

“కొండ దిగుడు మొదలయ్యే చోట వాడు. రోడ్డుకి అడ్డంగా, చేతులు చాచి. నువ్వు ఆగొద్దన్నావు. హారన్ కొట్టాను, కదల్లేదు. మనిషి మీదకి ఎలా పోనిస్తాన్రా? బ్రేకు తొక్కాను.”

“ఊఁ.”

“పెడల్ నేలకి ఆనింది. కారు ఆగలేదు.”

ఆ బోల్టు ఎక్కడిదో అడ్వైజరుకి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“ఆయన్ని తప్పించబోయి పక్కనున్న కంకర గుట్టలోకి తిప్పాను. అందులో కూరుకుని ఆగింది. గుట్ట దాటితే లోయేరా. అక్కడే ఎందుకు నిలబడ్డాడో ఇప్పుడు తెలుస్తోంది.” పాప ఏడుపు దూరంగా వినిపించింది. “తిరిగేటప్పుడు కారు వెనక భాగం ఆయనకి తగిలింది. అంబులెన్సు వచ్చి, చూసి, ఇక లాభం లేదని ఖాళీగా వెళ్ళిపోయింది.”

“అక్కా...”

“పొద్దుటి నుంచీ అక్కడే ఎండలో నిలబడి, ఎర్ర కారు కనిపిస్తే చాలు ఆపుతున్నాడట. ఎవర్రా ఆయన?”

“మా... మా కస్టమరు.”

“ఏం కావాలట ఆయనకి?”

అడ్వైజరు అద్దం గోడ పక్కన ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

వచ్చిన ఇన్ని రోజుల్లో ఒక్కరోజు కూడా ఆ మనిషి, పాడైపోయిన తన ఇంజన్‌ని ఏం చేస్తారని అడగలేదు.